ఉప్పు చల్లిన అడవి

"రెండు లారీలొస్తా ఉండాయంట! బండ్లన్నీ బయటికి తీయండి!"

గురవయ్య తొమ్మిదిన్నరకే ఆవరణ దద్దరిల్లేట్టు కేక పెట్టాడు. ఆ జీవశాస్త్ర పరిశోధనశాలకు అతను కాపలాదారే గానీ, గొంతు మాత్రం డైరెక్టరుది. స్కూటర్లు ఎండలోకి వెళ్ళాయి. క్యాంటీను బల్లలు గోడకి అతుక్కున్నాయి. అసలు డైరెక్టరు శేషశయనంగారి కారే రోడ్డున పడింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పచ్చ తువ్వాలు చేతబట్టి, గురవయ్య రైలు గార్డులా నిలబడ్డాడు.

లారీలు రాలేదు. పదింటికి నెత్తిన వెదురుబుట్టతో మునెక్క వచ్చింది.

"పక్కకి జరుగు మునెక్కా! లారీలు తిరగాల ఈడ!"

"మేడమ్మ రమ్మనింది గదన్నా. బుట్టలో..."

"బుట్ట తర్వాత. ముందు లారీలు. అదో, రోడ్డుకవతల కూచో పో."

రోడ్డుకవతల నీడ లేదు. చిత్తూరు వైపు ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మునెక్క కొంగు తీసి బుట్ట మీద కప్పి, తన నెత్తిని ఎండకి వదిలేసి కూచుంది.

పదకొండింటికి డాక్టర్ వేదవల్లి మెట్లు దిగి వచ్చింది. "ఇంకా రాలేదా గురవయ్యా?"

"ఒక్కటి గూడా రాలా మేడమ్. టైరు శబ్దం గూడా లేదు."

"టైరేమిటి?"

"మీరే గదా ఫోన్లో చెప్పినారు, రెండు లారీస్ వస్తాయి, గేటు దగ్గర ఆపొద్దు అని!"

"లోరిస్, గురవయ్యా! లోరిస్! దేవాంగ పిల్లి!"

గురవయ్య రోడ్డవతలికి చూసి నాలుక కరుచుకున్నాడు. కానీ ఓడిపోలేదు. "అట్లనే చెప్పుంటే సరిపోయేది గదా మేడమ్. మన పేరొకటి ఉండగా దానికి లారీ పేరు ఏంటికి పెట్టాల?"

జవాబు లేని ప్రశ్నకు వేదవల్లి ఇచ్చే జవాబు ఎప్పుడూ అరుపే. యాభై ఒక్కేళ్ళ వయసు, ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం, మూడు నిమిషాల ఓపిక. గురవయ్య మీద అరిచింది, తెరిచిన గేటు మీద అరిచింది, ఎండలో కూచున్నందుకు మునెక్క మీద కూడా అరిచింది. మునెక్క బుట్ట ఎత్తి చేతికిచ్చి, "నీళ్ళు తాపించినా మేడమ్మా, బాగానే ఉండాయి" అంది. అంతవరకే వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయింది. దినకూలీలకు పై అంతస్తుకు పాసు లేదు.

పేరుకు పిల్లి గానీ, అది పిల్లి కాదు. మడగాస్కర్ దీవి లీమర్లకు దూరపు చుట్టం. అరచేతిలో పట్టే ఒళ్ళు, ఒంటికి పట్టనంత కళ్ళు. ఆ కళ్ళే దాని కర్మ. వశీకరణ మందని చెప్పి వాటిని అమ్ముకునే వెధవ ఒకడు సంతలో దొరికిపోతే, అటవీ సిబ్బంది వాడి సంచిలోంచి ఈ రెంటినీ బయటికి తీసి, మునెక్క చేతికిచ్చి ఇక్కడికి పంపారు. ఒకటి మగది, ఒకటి ఆడది. ఈ జాతి ఈతమాకుల కోన అడవిలో మిగిలింది మూడు వందలకు లోపే.

*

పై అంతస్తులో ఒక చీకటి గది ఉంది. ఊళ్ళో అందరూ బూజు దులుపుకుంటారు, వేదవల్లి బూజు పెంచుకుంటుంది. అది చిక్కటి పసుపు రంగు జిగురు బూజు. ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. నోరు లేదు, కళ్ళు లేవు, మెదడు సంగతి అడగనే వద్దు. అయినా నాలుగు మూలలా నాలుగు ఓట్స్ గింజలు వేస్తే తెల్లారేసరికి అన్నిటినీ కలుపుతూ అతి తక్కువ పొడవుతో దారులు వేసేస్తుంది. అడ్డదారి తొక్కకుండా దగ్గరదారి పట్టగలిగింది ఈ లోకంలో అదొక్కటే. పైగా దానికి ఓట్స్ చాలు, ఓట్లు అక్కర్లేదు.

ఆ బూజుకు లేని ముక్కును వేదవల్లి పెట్టింది. దేవాంగ పిల్లి తన మూత్రంతో చేతులు తడుపుకుని కొమ్మకొమ్మకూ సంతకం పెట్టుకుంటూ పోయే జంతువు. ఆ సంతకాన్ని చదివే జన్యువును దాని ముక్కులోంచి విడదీసి, ఏడేళ్ళు తంటాలు పడి బూజులోకి ఎక్కించింది. ఆ కొమ్మల బెరడు పొడి ఎక్కడ చల్లితే బూజు అక్కడికి పాకుతుంది. అంతటితో ఆగదు. వాసన పాతదా కొత్తదా అని కూడా పసిగట్టి, రేపు ఆ జంతువు ఏ చెట్టు నుంచి ఏ చెట్టుకు పోతుందో ఇవాళే గీత గీసి చూపిస్తుంది.

గది మధ్యలో ఆరడుగుల గాజు పళ్ళెం. అందులో ఈతమాకుల కోన మొత్తం, ఒక్కో చెట్టుకు ఒక్కో చుక్క. వేదవల్లి పట్టకారుతో ఒక చుక్క మీద చిటికెడు బెరడు పొడి పెట్టింది. ఆ చెట్టు మీద దేవాంగి ఉందన్నమాట. పక్క చుక్క మీద ఉప్పు రవ్వ పెట్టింది. అక్కడ లేదన్నమాట. ఉప్పంటే బూజుకు గిట్టదు. లేని చోటికి పోయి కాలం వృథా చెయ్యకుండా అదొక కంచె.

ఏ చెట్టు మీద ఉంది, ఏ చెట్టు మీద లేదు అన్నది చెప్పేది మునెక్క. పదకొండేళ్ళుగా నుదుటికి ఎర్రదీపం కట్టుకుని కోనంతా తిరిగేది ఆమె. చేతిలో వేదవల్లి తయారుచేయించిన చిన్న పెట్టె. జంతువు కనిపించిన చెట్టు వైపు దాన్ని చూపించి మీట నొక్కితే "ఉంది" అని ఎక్కుతుంది. నొక్కకుండా దాటిపోతే "లేదు" అని తనంతట తనే రాసుకుంటుంది. చదువు లేని మనిషికి పని తేలిక చెయ్యాలని వేదవల్లి చేసిన ఏర్పాటు అది.

సంచిలో దొరికిన జంటను పందెంలో దింపాలన్నది శేషశయనంగారి ఆలోచన. ఆయన పేరులో శేషం తీసేస్తే దినచర్య మిగులుతుంది. అలాంటి మనిషి ఆ పది రోజులూ కునుకు తీయలేదంటే పందెం ఎంత ఘనంగా సాగిందో ఊహించుకోవచ్చు. బూజుకు గాజు పళ్ళెంలో, దేవాంగులకు గదిలో కర్రలు కట్టిన చట్రంలో ఒకటే లెక్కన దారులు. అయిదు చోట్ల తిండి. బూజు ఇరవై ఆరు గంటల్లో అయిదింటినీ కలిపి గీత గీసింది. మగ దేవాంగి మూడు చోట్లకు వెళ్ళి, మిడతలు తిని పడుకుంది. ఆడది తొమ్మిది రాత్రులు ఒకే కర్ర చుట్టూ తిరిగి తిరిగి, తిండి ఎదురుగా ఉన్నా నేరుగా పోలేదు. పదో రోజున గోడ వైపు తిరిగి కూచుంది.

"బూజే మన రాజు వేదవల్లిగారూ!" అని శేషశయనం చప్పట్లు కొట్టాడు. "మెదడున్న దానికంటే మెదడు లేనిది నయమని తేల్చేశారు."

"ఆఫీసుల్లో ఆ సంగతి ఎప్పుడో తేలింది సార్" అంది వేదవల్లి. ఇద్దరూ నవ్వుకున్నారు.

తులనాత్మక నివేదిక వెళ్ళింది. నెల తిరక్కుండా జీవో వచ్చింది. జీవి ఉన్నా పోయినా జీవో ఉంటే చాలన్నట్టుంది అందులో భాష. ఇకనుంచి ఏడు అభయారణ్యాల్లో బూజు గీసిన పటమే ప్రమాణం, కనక అడవిలో తిరిగే మనుషులు అనవసరం. బూజు పోని చోటల్లా నిర్జీవ ప్రాంతం. కోనకు దక్షిణాన గుండ్లవాలు అనే బండల చరియ ఉంది. పళ్ళెంలో అదంతా తెల్లగా ఉప్పు మెరిసే చోటు. దాని కింద నల్ల గ్రానైటు ఉందని ఒక కంపెనీ నాలుగేళ్ళుగా కాచుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఆఫీసు కొర్రీ వేస్తుంటే కంపెనీకి క్వారీ రాలేదు. పటం చూడగానే కొర్రీ పోయింది, క్వారీ వచ్చింది. పటం చూసి పట్టా రాసేశారు. ఇక మిగిలింది సోమవారం కోనలో జరగబోయే ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటే, అది కూడా లాంఛనమే.

పటం కింద సంతకం వేదవల్లిది. సంతకం పెట్టిన చేత్తోనే ఆ రోజు ల్యాబులో అందరికీ మైసూరుపాకు పంచింది.

*

శుక్రవారం మధ్యాహ్నం మునెక్క పెట్టె తిరిగి ఇచ్చెయ్యడానికి వచ్చింది. ఆమె పని పోయిందని చెప్పవలసింది వేదవల్లి. చెప్పింది గురవయ్య.

పెట్టెను తుడిచి, దారం చుట్టి, బల్ల మీద పెట్టి మునెక్క వెళ్ళబోతుంటే వేదవల్లి ఎదురొచ్చింది. "రా, పైకి రా. నీ పని ఏమయిందో చూద్దువు గానీ" అని చెయ్యి పట్టుకుంది.

"పాసు, మేడమ్..." అన్నాడు గురవయ్య.

"నేనే పాసు. జరుగు."

చీకటి గదిలో ఎర్రదీపం వెలిగించగానే మునెక్క పళ్ళెం మీదికి వంగింది. ఒక నిమిషం ఏమీ అర్థంకాలేదు. తర్వాత ముఖం విచ్చుకుంది. "ఇది మా వంక గదా! ఇయ్యి మూడు కానుగ చెట్లు. ఇదో, పెద్ద చింత! ఈ పసుప్పచ్చ తీగె నేను నడిచే దోవ మాదిరే ఉండాది మేడమ్మా!"

"నువ్వు చెప్పిన చెట్లే అన్నీ."

"మరి ఈ తెల్లంగా మెరిసేది ఏంది? వడగండ్ల మాదిరి?"

"అదా, గుండ్లవాలు. అక్కడ ఏమీ లేవు కదా. లేని చోటల్లా ఉప్పు వేస్తాం, బూజు అటు పోకుండా."

"ఉప్పా."

"ఊఁ."

మునెక్క గాజు మీద నుంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. తీసుకున్న చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. తర్వాత ఆ గది ఎన్నడూ వినని గొంతుతో అరిచింది.

"బాలింతల నెత్తిన ఉప్పు బోసినావే!"

"ఏ బాలింతలు?"

"ఏ బాలింతలా? పదకొండేండ్లు కోన కోనంతా నా చేత తిప్పించి, ఏ బాలింతలని అడగతావా? ఈనిన దేవాంగులన్నీ బిడ్డల్నేసుకుని యాడికి..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను చెప్పగూడదు."

"చెప్పు మునెక్కా! యాడికి?"

"మా కోనలో బాలింత ఉండే తట్టు వేలు చూపరు మేడమ్మా. మనిషయినా, మేకయినా, దేవాంగయినా. పసిబిడ్డ మాదిరి మొగం ఏసుకుని చూస్తాదే, దానికి దిష్టి తగలదా? అట్లాంటి చెట్టు వచ్చిందంటే దీపం కిందికి దించుకుని, గమ్మున దాటుకుని వచ్చేస్తా. మా యమ్మా అట్లే చేసె, నేనూ అట్లే."

"దాటేస్తే పెట్టె లేదు అని రాసుకుంటుంది!"

"నేను యాడన్నా లేదని? నొక్కలా, అంతే. నొక్కకపోతే లేదని ఆ పెట్టెకి ఎవురు చెప్పిండేది?"

వేదవల్లి చెప్పింది. ఆ పెట్టెకు ఆ మాట నేర్పింది వేదవల్లే.

తప్పు తనదని తెలిసిన క్షణంలో మనిషికి ఎదుటివాళ్ళ మీద వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాదు. "పదకొండేళ్ళు మునెక్కా! ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరు విప్పి ఇదీ సంగతని చెప్పొచ్చు కదా!"

"నువ్వు ఒక్కసారి అడగొచ్చు గదా! ఉంది, లేదు, ఉంది, లేదు. నీ పెట్టెకి వచ్చేది ఈ రెండు మాటలే. మనుషులతో మాట్లాడేదానికి ఇంకా శానా మాటలు ఉంటాయి మేడమ్మా."

"సరే. ఇప్పుడు చూపించు. గుండ్లవాల్లో ఏయే చెట్లు?"

"చూపీను."

"సోమవారం దాటితే బండలు పేలుస్తారు. నువ్వు చూపించకపోతే చస్తాయి!"

"చూపిస్తే బతుకుతాయా? వేలు పెట్టి చూపించినాక ఎవురు యాడికి పోతారో నాకు తెలీదా? సంచిలో ఏసుకుని పోయినోడు గూడా ఎవురో చూపిస్తేనే గదా పోయినాడు?"

మునెక్క గోడవతలి గదిలో, చట్రంలో గోడకు తిరిగి కూచున్న ఆడ దేవాంగిని తలుపు సందులోంచి చూసి, గొంతు తగ్గించింది. "దానికి నెలలు నిండినాయి. అది తిండి తట్టు నేరుగా పోలేదని నగినారంటనే. ఒంటి మనిషి కాని ప్రాణి నేరుగా యాడికీ పోదు మేడమ్మా, చుట్టుకుని చుట్టుకుని పోతాది. బుట్ట దించేటప్పుడే నీకు తెలిసిందనుకుంటి. డాక్టరమ్మవి గదా."

"నేను ఆ డాక్టరు కాదు" అంది వేదవల్లి నీరసంగా.

"అవును. తెలస్తానే ఉండాది."

ఆ సాయంత్రం వేదవల్లి ఎవరినీ అడగకుండా, ఏ కాగితం మీదా రాయకుండా, రెంటినీ వెదురుబుట్టలో పెట్టి మునెక్క నెత్తికెత్తింది. ఎక్కడ వదులుతావని అడగలేదు.

*

"నూటికి తొంభై ఏడు పాళ్ళు సరిపోయిందండీ మీ పటం!" అన్నాడు శేషశయనం, శనివారం ఉదయం. "తొంభై ఏడు!"

"దేనితో సరిపోయింది సార్? మునెక్క నొక్కిన చెట్లే బూజుకు తినిపించాం. బూజు కక్కిన దారిని మళ్ళీ మునెక్క నొక్కిన చెట్లతోనే సరిచూశాం. ఆమె చెప్పనిది బూజు కూడా చెప్పలేదు. అందుకని బూజు గొప్పదని మైసూరుపాకులు తిన్నాం!"

"ఇప్పుడు మీరు అరవడం వల్ల..."

"అరుస్తాను! తల్లుల మీద ఉప్పు పోసి, వాటికి దూరంగా బూజు పారిపోతే, దానికి తెలివి అని పేరు పెట్టాను. అరవకపోతే ఏం చెయ్యను?"

"ఆధారం తెండి. ఆవిడని తీసుకెళ్ళి చెట్లు చూపించమనండి."

"చూపించదు."

"అయితే లేనట్టే" అన్నాడు శేషశయనం. అచ్చం పెట్టెలాగే అన్నాడు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని మెత్తగా మొదలుపెట్టాడు. "ఏడు అభయారణ్యాలకు మన పద్ధతే. ల్యాబులో పద్నాలుగు మంది ఉన్నారు. మీ సంతకం కదిలిందంటే ఈ గదులకు తాళం పడుతుంది. ఏడేళ్ళ బూజును మీ చేత్తోనే డ్రైనేజీలో పోసుకోవాలి. ఒక కూలి మనిషి మూఢనమ్మకం కోసం ఇంత అవసరమా?"

వేదవల్లికి ఆ రోజు మొదటిసారి అరుపు రాలేదు. తలుపు మాత్రం గట్టిగా వేసి వచ్చింది. గోడ మీద శేషశయనంగారి సన్మానపత్రం ఒకటి రాలి పడింది.

*

సోమవారం పొద్దున వంటింట్లో భర్త దామోదరం రాగిసంగటి కెలుకుతున్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరయి రెండేళ్ళయింది. అప్పటినుంచీ ఇంట్లో గరిటె ఆయనది, గర్జన ఆవిడది.

"రాత్రంతా పళ్ళు నూరావు వల్లీ. పచ్చడికి వేరే రోలు అక్కర్లేకపోయింది" అన్నాడు.

"జోకులొద్దు. నాకు నిజం చెప్పండి. అక్కడ నిలబడి తప్పని చెబితే పద్నాలుగు కొంపలు. చెప్పకపోతే గుండ్లవాల్లో ఆ తల్లులు. ఏం చెయ్యమంటారు?"

దామోదరం పొయ్యి తగ్గించాడు. ఆయనకు జోకులు తగ్గించడం కష్టం, పొయ్యి తేలిక. "నేను కుప్పం దగ్గర పనిచేసేటప్పుడు ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. హాజరు పిలిస్తే పలికేది కాదు. నేను తలెత్తకుండా రాలేదని గీసేవాణ్ణి. ఏడాది చివర హాజరు చాలలేదని పరీక్షకి కూచోనివ్వలేదు. తర్వాత తెలిసింది, ఆ పిల్లకి నత్తి. రోజూ వచ్చేది. రెండో బెంచీలో, నా ఎదురుగానే కూచునేది."

"ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. అదే చెబుతున్నా." సంగటి ముద్ద కంచంలో వేసి, ఆవిడ ముఖంలోకి చూడకుండా ముందుకు జరిపాడు. "రిజిస్టరు దిద్దితే హెడ్మాస్టరు సంజాయిషీ అడుగుతాడని ఊరుకున్నా. ఆ పిల్ల పేరు ఇప్పటికీ పైకి అనలేను వల్లీ. నాకే నత్తి వస్తుంది."

వేదవల్లి సంగటి తినలేదు. చెప్పులు వేసుకుంది.

*

ఈతమాకుల కోన బడి ముందు షామియానా వేశారు. వేదిక మీద విచారణాధికారి, పక్కన శేషశయనం, ఆ పక్కన కంపెనీ ఇంజనీరు. వెనకాల ఫ్లెక్సీ మీద నిలువెత్తు పటం. బూజు గీసిన దారులు పసుపు రంగులో, గుండ్లవాలు తెల్లగా, అందులో ప్రతి చెట్టుకూ నల్ల చుక్క. కింద నేల మీద కోన జనం, ఓ వందమంది.

"పటం తయారుచేసిన శాస్త్రవేత్త ధ్రువీకరిస్తే ముగించేద్దాం" అన్నాడు అధికారి.

వేదవల్లి మైకు అందుకుంది. "ఈ పటం తప్పు. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను."

శేషశయనం కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. కంపెనీ ఇంజనీరు లేచి నిలబడ్డాడు. అధికారి మాత్రం కలం మూత పెట్టకుండా, "కారణం?" అన్నాడు.

"గుండ్లవాల్లో దేవాంగ పిల్లులు ఉన్నాయి. పిల్లల తల్లులు."

"ఎక్కడ? ఏ చెట్టు? నోటిమాట సరిపోదమ్మా. చుక్క మీద గుర్తు పెట్టండి, రాసుకుంటాను."

వేదవల్లి పటం వైపు చూసింది. వందకు పైగా నల్ల చుక్కలు. తన చేత్తో ఆ చుక్కల మీద ఉప్పు పెట్టిన మనిషికి వాటిలో ఒక్కటి కూడా తెలియదు.

అప్పుడు జనంలోంచి మునెక్క లేచింది. వేదిక ఎక్కి, పటం ముందు నిలబడి, పైనుంచి కిందికి ఒకసారి చూసుకుంది. తర్వాత చుక్కల మీద వేలు ఆనించడం మొదలుపెట్టింది. ఆనించిన చోటల్లా వేలికున్న ఎర్రమట్టి అచ్చు పడుతోంది.

"ఈ రేల చెట్టు గాదు. ఈ బలుసు గాదు. ఈ బండ పక్కన తుమ్మ గాదు. దాని కింద చండ్ర గాదు."

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు అధికారి.

"ఈ రెండో తుమ్మ గాదు. ఈ మోడు గాదు."

"ఉన్నవి చెప్పమంటే లేనివి చెబుతావేంటి?"

కంపెనీ ఇంజనీరు నవ్వుతూ కూచున్నాడు. "ఆవిడ మా పక్షమే సార్. మా మాటే చెబుతోంది, లేవనే కదా!" శేషశయనం కూడా హమ్మయ్య అనుకుని వెనక్కి వాలాడు. మునెక్క ఎవరి వైపూ చూడలేదు. కాదు, కాదు అంటూ వేలు జరుపుకుంటూ పోతోంది. అధికారి ఒకసారి గడియారం చూసుకున్నాడు, మరోసారి చూసుకున్నాడు. ఇరవై నిమిషాలయింది.

వేదవల్లి కళ్ళు జనం మీద పడ్డాయి. అక్కడ ఎవరూ నవ్వడం లేదు. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ముందు వరసలో ఒక ముసలమ్మ మాత్రం తల ఊపుతూ వింటోంది. వేదవల్లి వేదిక అంచుకు వంగి, "అవ్వా, ఏం చేస్తోంది మునెక్క?" అని గుసగుసగా అడిగింది.

"మంత్రసానికి ఇల్లు చెప్పేది ఇట్లే గదమ్మా" అంది ముసలమ్మ, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "బాలింతిల్లు యాడని అడిగితే వేలు చూపిస్తామా? ఆ ఇల్లు గాదు, ఈ ఇల్లు గాదు అంటా పోతాం. మిగిలింది ఏదో ఆమే చూసుకుంటాది."

మునెక్క ఆఖరి చుక్క మీద, "ఈ ఊడుగ గాదు" అని వేలు తీసి, పటానికి వీపు తిప్పి, చేతులు కట్టుకుని నిలబడింది.

"అయిపోయిందా? మొత్తం లేవన్నట్టేనా?" అన్నాడు అధికారి.

"కాదు!" వేదవల్లి అరుపుకు మైకు కీచుమంది. "ఎవరూ లేవకండి! ఇప్పుడు జరిగింది అందరూ వినాలి, రాసుకోవాలి. ఈ కోనలో బాలింత ఉన్న వైపు వేలు చూపరు. అది వీళ్ళ మర్యాద. పదకొండేళ్ళు ఈవిడ తల్లులున్న చెట్టు రాగానే తల దించుకుని దాటిపోయింది. ఆ మర్యాదను నేను పెట్టిన పెట్టె లేదు అని రాసుకుంది. ఆ లేదు మీద నేను ఉప్పు చల్లాను. ఉప్పు చూసి నా బూజు పారిపోయింది. బూజు పారిపోయిన చోట ఏమీ లేదని మీరు జీవో రాశారు. మెదడు లేనిది బూజు ఒక్కటే అనుకున్నాం!"

శేషశయనం "వేదవల్లిగారూ" అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు ఈవిడ ఒట్టిచెట్లన్నీ వేలు పెట్టి చూపించింది. ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క తల్లిని బయట పెట్టలేదు. ఆమె వేలు పెట్టనివి చూడండి. నేను లెక్కపెట్టాను, ఇరవై మూడు. ఇరవై మూడూ ఈ క్వారీ గీతలోపలే ఉన్నాయి. పటం నాది, తప్పు నాది, సంతకం నాది. ల్యాబు మూస్తారా, మూసుకోండి. ఏడు చోట్లా నా పద్ధతి ఆపండి, ఆ పళ్ళాలన్నిటిలోనూ ఎవరు ఎవరి మీద ఉప్పు పోశారో నాకు తెలియదు! రాసుకోండి సార్!"

షామియానా గుడ్డ గాలికి టపటపలాడింది. అధికారి పటం వైపు చూశాడు, వీపు తిప్పి నిలబడ్డ మునెక్క వైపు చూశాడు, మళ్ళీ పటం వైపు చూశాడు. అప్పటిదాకా చుక్కలుగా కనిపించినవి ఆయనకు మెల్లగా మరొకలా కనిపించడం మొదలయినట్టుంది. కుర్చీలోంచి లేచి, "అంటే, వేలు పెట్టకుండా వదిలేసినవి... ఇదుగో ఈ..." అంటూ చెయ్యి ఎత్తాడు. చూపుడువేలు సగం దూరం వెళ్ళింది.

"వేలు దించు సార్!"

వందమంది ఒక్క గొంతుతో అరిచారు. అందరి కంటే పెద్దగా వేదవల్లి అరిచింది.

అధికారి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలిని పిడికిట్లో దాచుకుని, ఆ పిడికిలి వైపే ఒక్క క్షణం చూసుకున్నాడు. తర్వాత తల దించుకుని కూచుని, కాగితం దగ్గరికి లాక్కుని, పటం వైపు చూడకుండా రాయడం మొదలుపెట్టాడు.